గూటినల్లి

దురదకు మన లోకంలో మర్యాద లేదు. జ్వరం వచ్చిందంటే ఇరుగుపొరుగులు పలకరించటానికి వస్తారు. కాలు బెణికిందంటే తలా ఒక తైలం పేరు చెబుతారు. ఒళ్ళంతా దురదలంటే మాత్రం ఎదుటివారు ఒక అడుగు వెనక్కు వేస్తారు, తాము కూర్చున్న కుర్చీవంక ఒకసారి చూసుకుంటారు. ఆ చూపుకు వెరచి చాలామంది తమ బాధను పైకి చెప్పుకోరు. మా రాజమహేంద్రవరంలో దానవాయిపేట, ప్రకాశ్‌నగర్ వంటి పేటలలో పెంకుటిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచిన తరువాత, ఇలా చెప్పుకోలేని దురద ఒకటి ఇళ్ళలో తిరుగుతూండటం కొన్నేళ్ళుగా గమనిస్తున్నాను. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయాలనిపించింది.

నేను వైద్యుణ్ణి కాను. ముప్ఫైయేళ్ళకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. మందుల సంగతి వైద్యులే చెప్పాలి. నాకు పట్టినది మాట సంగతి. ఈ దురదకు కారణమైన ప్రాణికి తెలుగులో పదిమందికీ తెలిసిన పేరు లేదు. పేరు లేనందువల్ల దానిని వెదికేవారు లేరు, వెదకనందువల్ల నేరం వేరొకరి నెత్తిన పడుతోంది. నేను చెప్పదలచిన దంతా ఇంతే. ఇక వివరాలలోకి వస్తాను.

ఈ దురదకు మూలం పక్షిగూళ్ళలో ఉండే ఒక చిన్న పురుగు. ఆవగింజలో సగానికి మించదు. ఆకలిగా ఉన్నప్పుడు బూడిదవన్నెలో ఉంటుంది, నెత్తురు త్రాగిన తరువాత ఎర్రబడుతుంది. ఎదిగినదానికి ఎనిమిది కాళ్ళు. కనుక పేను, దోమ దీనికి చుట్టాలు కావు. సాలెపురుగు, తేలు, పశువులను పట్టే పిడుదు దీని దాయాదులు. వీటిలో శాస్త్రజ్ఞులు ముఖ్యంగా చెప్పేవి డెర్మనిసస్ గల్లినే, ఆర్నిథోనిసస్ బర్సా అనే రెండు జాతులు. మొదటిది పగలంతా పుల్లల సందులలో, గోడ పగుళ్ళలో దాగి, చీకటి పడ్డాక పక్షిని చేరి నెత్తురు పీలుస్తుంది. రెండవది మనవంటి ఉష్ణదేశాలలో విస్తారంగా ఉండేది, పక్షి ఒంటిమీదనే ఎక్కువ ప్రొద్దు గడుపుతుంది. అనుకూలమైన వేడి, తేమ ఉంటే గుడ్డునుండి పెద్దదయ్యేందుకు ఒక వారం చాలు. మన డెల్టాలో ఆ వేడికీ, ఆ తేమకూ ఏనాడు కరవు?

ఇంతటి పురుగు మనుష్యులమీదికి ఎందుకు వస్తుంది? గూటిలో పిల్లలు ఉన్నంతకాలం రాదు, వచ్చినా కొద్దిగానే. రెక్కలు వచ్చి పిల్లలు ఎగిరిపోయిన నాడు గూటిలో మిగిలిన వేలకొద్దీ పురుగులకు ఆహారం ఉండదు. అప్పుడు అవి వెచ్చదనాన్నీ, ఊపిరినీ ఆనవాలు పట్టుకొని పాకుతాయి. కిటికీ రెక్కల సందు, ఏసీ గొట్టం కోసం గోడకు వేసిన కన్నం, స్నానాలగదిలో ఎగ్జాస్టు ఫ్యాను తీసివేసిన బిలం - ఏది దొరికితే అది త్రోవ. లోపల మంచం, మంచంమీద మనం. అయితే మనిషి నెత్తురుతో వాటి వంశం నిలవదు. అవి మన చర్మంలో దూరవు, మన ఒంటిమీద కాపురం పెట్టవు. కుట్టి, చాలక, మళ్ళీ కుట్టి, పక్షి దొరకకపోతే కొన్ని వారాలకు చాలావరకు నశిస్తాయి. మొదట చెప్పిన జాతి మాత్రం చల్లని చోట నెలల తరబడి ఉపవాసం ఉండగలదు. వైద్యులు ఈ బాధను గామసోయిడోసిస్ అంటారు. ఆ మాట పలకటానికి నాకే రెండు రోజులు పట్టింది, ఇక సామాన్య గృహిణి మాట చెప్పాలా!

పల్లెటూరి పెంకుటింటిలోనూ పక్షులు ఉండేవి గదా, అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకని అడగవచ్చు. అప్పుడు పిచ్చుకలు వసారా చూరులో గూడు పెట్టుకునేవి. వాటికోసమే వరికంకులు కుచ్చులల్లి దూలానికి వ్రేలాడదీసేవాళ్ళం. కాని చూరు ఆరుబయట ఉండేది. క్రింద పడుకునే నులకమంచం ప్రొద్దున్నే ఎండలో పడేది. ఈనాటి పక్షి వేరు, ఇల్లూ వేరే. పావురం పుట్టుకతో కొండచరియల పక్షి. పాపికొండలు దాటి దిగువకు వస్తే సముద్రందాకా మన డెల్టాలో చరియ అన్నది లేదు, అంతా ఒండ్రుమట్టి, కాలువలు, వరిచేలు. ఆ లోటును బిల్డర్లు తీర్చారు. అయిదంతస్తుల మేడ పావురానికి చక్కని కొండ. గాలికోసం వదిలిన డక్టు దానికి లోయ, ఏసీ పెట్టె వెనుక జానెడు చోటు దానికి గుహ. పావురం ఈతకు రెండు గుడ్లు పెడుతుంది. పద్ధెనిమిది రోజులకు అటూఇటూగా పొదుగుతుంది, పిల్లలు ఇంచుమించు నెల రోజులు గూటిలో ఉంటాయి. ఋతువు చూసుకోకుండా ఏడాదిలో పలుమార్లు పెడుతుంది, పాతగూటిమీదనే క్రొత్త పుల్లలు వేస్తుంది. పిచ్చుకగూడు చూరులో ఉండేది, పావురపుగూడు మన తలగడకు మూరెడు దూరంలో ఉంది. నడుమ ఉన్నది ఒక గాజుపలక.

ఇక వైద్యశాలకు వెళ్ళినప్పుడు జరిగేది చూడండి. పలుచోట్ల ఎర్రని చిన్న పొక్కులు, రాత్రిళ్ళు ఎక్కువ దురద, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి - ఇవి చెప్పగానే ఎవరికైనా గజ్జి తోస్తుంది. అందులో తప్పుపట్టవలసింది లేదు. గజ్జి మన దేశంలో నిజంగానే విస్తారంగా ఉంది, 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల పట్టికలో చేర్చింది కూడా. గజ్జికీ కారణం ఇటువంటి ఎనిమిది కాళ్ళ పురుగే. కాని ఆ పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది, వ్రేళ్ళ సందులు, మణికట్లు, నడుము మడతలు పట్టుకుంటుంది, మనిషినుండి మనిషికి అంటుతుంది. గూటి పురుగు సొరంగం తవ్వదు, వ్రేళ్ళ సందులను సాధారణంగా వదిలిపెడుతుంది. మెడ, భుజాలు, చేతులు, బట్ట బిగిసే చోట్లు దాని ఇష్టస్థానాలు. గజ్జిమందు పూస్తే గజ్జి తగ్గుతుంది. గూటి పురుగుకు ఒంటిమీద ఎంత మందు పూసినా ఏం లాభం, అది ఉన్నది గోడవతల అయినప్పుడు? నాలుగు రోజులు ఉపశమించి మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు రోగినే అనుమానిస్తారు: సరిగా పూసుకోలేదనో, శుభ్రత లేదనో, చివరకు మనసులో భ్రమ అనో.

ఆసుపత్రులే దీనికి అతీతం కావు. ఆసుపత్రిలో ఉన్న రోగులకు పావురాల గూళ్ళనుండి వచ్చిన పురుగులవల్ల దురదలూ పొక్కులూ కలిగిన ఉదంతాన్ని 1987లో ఒక అమెరికా వైద్యపత్రిక ప్రకటించింది. అంతటి వసతులున్న చోటనే అలా జరిగితే, మన గల్లీలలోని అపార్ట్‌మెంట్ల గతి ఊహించుకోవచ్చు.

నాకు తెలిసిన ఒక ఇంట్లో జరిగినది చెబుతాను. కూతురు పురిటికి వచ్చింది. పసిబిడ్డకు ఇరవై రోజులు నిండేసరికి మెడమీద, వీపుమీద ఎర్రని పొక్కులు. చెమటకాయలన్నారు, పాలు పడలేదన్నారు, అమ్మవారేమోనని ఒకరు వేపమండలు తెచ్చారు. తరువాత తల్లికీ అమ్మమ్మకూ మొదలైంది. వైద్యుడు గజ్జి అన్నాడు, ఇంటిల్లిపాదీ రెండుసార్లు మందు పూసుకున్నారు. ఇంటికి గజ్జి తెచ్చినదెవరన్న ప్రశ్న పుట్టింది. పుట్టిన మరుక్షణం అందరి చూపూ పనిచేసే అమ్మాయిమీద పడింది. ఆమె చేతులు చూపించమన్నారు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా మర్నాటినుండి రావద్దన్నారు. ఒక ఇంట మాన్పిస్తే ఆ మెట్లవరుసలో ఇంకో రెండిళ్ళు మాన్పించాయి.

బారసాలకు అమలాపురం దగ్గరి పల్లెనుండి బిడ్డకు తాతమ్మ వరస అయ్యే పెద్దావిడ వచ్చింది. బాల్కనీలో పీట వేసుకొని కూర్చున్నది కాస్తా మోచేయి దులుపుకుంటూ లేచింది. ఏసీ పెట్టె వెనక్కి తొంగిచూసి, “ఓసే, ఇయ్యి కోడిపేలే! పొదుగుగంపలో చెయ్యెడితే ఇలాగే జరజరా పాకుతాయి. పావురాలు ఎగిరిపోయిన గూడు ఇంట్లో ఎట్టుకుని బిడ్డకి మందులంటారేంటే?” అంది. గూడు తీసి, ఆ చోటు వేడినీళ్ళతో కడిగించి, పక్కబట్టలు ఉడకబెట్టి ఎండలో వేశారు. రెండు వారాలలో అందరికీ నెమ్మదించింది. పనిచేసే అమ్మాయిని మాత్రం ఎవరూ తిరిగి పిలవలేదు.

పంచతంత్రంలో మందవిసర్పిణి అనే పేను కథ మీరందరూ చదివే ఉంటారు. రాజుగారి పాన్పులో అది ఎన్నాళ్ళనుండో ఒద్దికగా బ్రతుకుతూ, అతిథిగా వచ్చిన నల్లికి చోటిస్తుంది. నల్లి ఆగలేక వేళగానివేళ రాజును కుట్టి పారిపోతుంది. భటులు దీపాలు తెచ్చి పక్క దులిపితే మడతలో దొరికినది పేను, చచ్చినదీ అదే. కుట్టినది తప్పించుకొని దొరికినది చావటం ఆ కథలోని నీతి. ఊరూపేరూ తెలియనివారికి ఆశ్రయం ఇవ్వరాదని పిల్లలకు చెబుతూ వచ్చాం. దీపం పట్టుకున్నవాడు సరిగా వెదకాలి గదా అన్న రెండో నీతి కూడా అందులో ఉందని ఈమధ్యనే నాకు బలంగా తోస్తూంది.

ఆ పెద్దావిడకు తెలిసినది బడిలో చెప్పినది కాదు. పెరటికోళ్ళు పెంచిన ప్రతి ఇల్లాలికీ అది తెలుసు. కోడిని పొదుగుకు వేసేటప్పుడు గంపలో క్రొత్తగడ్డి పరచి వేపాకు వేసేవారు. పిల్లలు దిగిన నాడే ఆ గడ్డిని దూరంగా తీసుకుపోయి తగలబెట్టేవారు, గంపను ఎండలో బోర్లించేవారు. కోళ్ళు బూడిదగుంటలో పొర్లాడుతుంటే ఎందుకు పొర్లాడుతున్నాయో చెప్పేవారు. గంపలో చేయి పెట్టినవారికి ఒళ్ళు జరజరలాడితే దానిని రోగమనుకొని ఎవరూ బెంగపడలేదు, గంప దులిపేవారు. పక్షులు మనతోపాటు పట్నానికి వచ్చాయి. ఆ తెలివి మాత్రం పెరట్లోనే ఉండిపోయింది. గంప మనది, కనుక దులిపాం. డక్టులోని గూడు ఎవరిదీ కాదు, కనుక ఎవరూ దులపరు.

ఇప్పుడు పేరు సంగతి. ‘కోడిపేను’ అన్న మాట ఉండనే ఉంది, చాలదా? చాలదని నా మనవి. మొదటిది, ఇది కోడితోనే ఉండదు, పావురం, పిచ్చుక, గోరింక అన్నింటినీ పడుతుంది. కోళ్ళు లేని ఇంట్లో కోడిపేనంటే నమ్మేదెవరు? రెండవది, పేను అనగానే మన చేయి తలలోకి పోతుంది. పేను ఒంటిమీద నివసించేది. ఆ మాట వాడినంతకాలం మనం మనిషి ఒంటినే వెదుకుతాం. మరి ‘పక్షినల్లి’ అందామా? వ్యాకరణం అడ్డుచెప్పదు. కాని ఆ మాట వినగానే జనం పక్షిమీదికి కర్ర ఎత్తుతారు.

నల్లి అన్న మాట మాత్రం విడువరానిది. మంచపునల్లి మాటకేం గాని, ఎనిమిది కాళ్ళ సూక్ష్మమైన పురుగుకు ఆ పేరును మన రైతులు ఎప్పుడో స్థిరపరచారు. వరికంకిలో గింజను నల్లబరచేది కంకినల్లి. మిరపాకును ముడుచుకుపోయేట్టు చేసేదీ నల్లే. 1998లో కేరళలో కనిపించి, ఆ తరువాత మన కోనసీమ కొబ్బరితోటలకు వ్యాపించి కాయను పిందెనాడే గిడసబరచినది ఇరియోఫిడ్ నల్లి. అంబాజీపేట పరిశోధనస్థానంవారు దాని మాట ఎత్తితే కొబ్బరిరైతు వివరణ అడగడు, ముచ్చిక క్రింద చూస్తాడు. ఎక్కడ చూడాలో ఆ పేరే అతనికి నేర్పింది. మనిషికి దురద పెట్టేదాని విషయంలోనూ అటువంటి పేరే కావాలి. అందుకని ‘గూటినల్లి’ అందామంటున్నాను. గూటియందలి నల్లి. గూడు శబ్దం ఔపవిభక్తికం గనుక ‘గూటి’ అయింది. మాట విన్నవాడు ఒంటిని గాక గూటిని చూస్తాడు. పక్షికి నింద లేదు, మనిషికి నింద లేదు, నివారణ ఎక్కడున్నదో మాటలోనే ఉంది.

పేరు పెట్టినంత మాత్రాన దురద పోతుందా అని నవ్వవచ్చు. పేరున్న జబ్బుకు ఏమి జరుగుతుందో 2025 ఫిబ్రవరిలో మన జిల్లాలవారు చూశారు. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్ళకు బర్డ్‌ఫ్లూ అని తేలగానే ఫారం చుట్టూ కిలోమీటరు దాకా ఒక హద్దు, పది కిలోమీటర్ల దాకా మరొక హద్దు గీశారు. పశువైద్యులు దిగారు, చిన్నపిల్లలు సైతం ఆ మాట పలికారు. గూటినల్లికి అంత హంగామా అక్కరలేదు, అది ప్రాణాలు తీసే జబ్బు కాదు. వైద్యుడు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: “మీ కిటికీ దగ్గర పక్షిగూడు ఉందా?” ఆ ప్రశ్న పుట్టటానికే పేరు కావాలి.

పావురాలమీద కోపంతో నేనిది వ్రాయటం లేదు. శిబిచక్రవర్తి తొడకోసి కాపాడిన పక్షిని, చిన్నయసూరి మిత్రలాభంలో ఐకమత్యం నేర్పిన చిత్రగ్రీవుణ్ణి తెలుగు చెప్పినవాడెవడు ద్వేషిస్తాడు? అయితే పెద్దలు పావురాన్ని గుడ్డిగానూ పూజించలేదు. ఋగ్వేదం పదవ మండలంలో 165వ సూక్తమంతా ఇంట జొరబడిన కపోతం వల్ల కీడు కలుగకూడదని వేడుకొనేదే. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూతకు గురువైన కపోతం అతిమమకారం వల్ల కలిగే చేటును నేర్పుతుంది. ప్రేమకూ జాగ్రత్తకూ విరోధం లేదని వారికి తెలుసు. 2025 జులైలో ముంబయిలో కబూతర్‌ఖానాల మూసివేతకు ఆదేశాలు వచ్చినప్పుడు, ఊపిరితిత్తుల జబ్బులు అని ఒకరు, జీవకారుణ్యం అని ఒకరు వీధికెక్కారు. అటువంటి జగడం మనదాకా రాకముందే ఇంటిపట్టున చేయదగినవి కొన్ని ఉన్నాయి.

ఇంట్లో ఇద్దరికి ఒకేసారి కారణం తెలియని దురద మొదలైతే వైద్యుణ్ణి చూడండి, ఆయన దగ్గరకు వెళ్ళేముందు కిటికీ అవతల కూడా చూడండి. తెల్లకాగితం కిటికీ గడపమీద ఉంచి రాత్రివేళ దీపంతో గమనించండి, చుక్క కదిలితే అంటుకునే టేపుతో పట్టి వైద్యుడికే చూపండి. గుడ్లు, పిల్లలు ఉంటే గూడు కదపవద్దు. పిల్లలు చావటం పాపమే గాక, ఆకలిగొన్న నల్లులు ఆ రాత్రే మీ ఇంటిమీద పడతాయి. అందాకా ఆ కిటికీ మూసి, సందులకు టేపు వేసి, పసిబిడ్డ మంచం వేరే గదికి మార్చండి. పిల్లలు ఎగిరిన నాడు మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకొని, ఎండిన రెట్ట దుమ్ము లేవకుండా నీళ్ళు చిలకరించి, గూటిని సంచిలో వేసి మూతి బిగించి పారవేయండి. ఆ చోటు సబ్బు కలిపిన వేడినీళ్ళతో కడగండి. ఆ వెంటనే వల కట్టండి, లేకుంటే వారం తిరిగేసరికి క్రొత్త పుల్లలు వచ్చి పడతాయి. పసిపిల్లలున్న గదిలో పురుగుమందు కొట్టవద్దు.

అపార్ట్‌మెంటు సంఘాలవారు లిఫ్టుకూ, వాచ్‌మన్‌కూ చందాలు వసూలు చేసినట్టే డక్టు శుభ్రానికీ, వలకూ కొంత కేటాయించాలి. ఒక్క ఫ్లాటువారు గూడు తీస్తే పావురం ప్రక్క ఫ్లాటుకు మారుతుందే గాని ఊరు విడిచిపోదు. ఇల్లు కట్టేవారు ఏసీ గొట్టం పెట్టాక కన్నం చుట్టూ పిడికెడు సిమెంటు పూయటానికి ఎందుకు బద్ధకిస్తారో నాకు అంతుపట్టదు. ఇవన్నీ జరిగేలోగా ఒక్కటి మాత్రం ఈ రోజే చేయవచ్చు. దురద వచ్చినప్పుడు పనిమనిషి చేతులు చూడటానికి ముందు ఏసీ పెట్టె వెనుక చూడటం.

గూటినల్లి అన్న మాట మీ చెవికి ఇంపుగా లేకపోతే ఇంతకంటె మంచిది చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను. మీ ప్రాంతంలో, మీ అమ్మమ్మల నోట దీనికి వేరే పేరు ఉండి ఉంటే అది మరీ మేలు. రాయలసీమవారూ, తెలంగాణవారూ, ఉత్తరాంధ్రవారూ మీ పెరటికోళ్ళ నాటి మాటలు ఒకసారి గుర్తుచేసుకొని తెలియజేయగలరు.

స్వస్తి.